పచ్చికలో దాగిన వాన యంత్రం

గడ్డి కోసే యంత్రం రాకపోతే, నేలలోంచి లేచి నీళ్లు చిమ్మే పాప్-అప్ స్ప్రింక్లర్‌తో పనే పడేది కాదు. 1830లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, ఉన్ని మిల్లుల్లో బట్ట మీది నూగును సాపు చేసే యంత్రాన్ని చూసి, అదే పద్ధతిలో గడ్డిని కత్తిరించే యంత్రాన్ని తయారు చేశాడు. అంతకుముందు ఇంటి ముందు పచ్చిక కావాలంటే కొడవళ్లు పట్టే కూలీలుండాలి, లేదా గొర్రెల మందలుండాలి. పెద్ద భూస్వాములకే చెల్లిన ఆ ముచ్చట బడ్డింగ్ యంత్రం పుణ్యమా అని మధ్యతరగతి ముంగిళ్లకు చేరింది. అమెరికాలో ఊళ్ల చివర లేచిన కొత్త ఇళ్లకు లాన్ ఒక మర్యాద అయింది. ఇంగ్లండులో ఆ గడ్డికి చాలావరకు వానే నీళ్లు పోస్తుంది. కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి చోట్ల ఆ భారం ఇంటివాళ్ల మీద పడింది.

19వ శతాబ్దం రెండో సగంలో నగరాల్లో కుళాయిలకు ఒత్తిడితో నీళ్లు రావడం మొదలయ్యాక తొలి లాన్ స్ప్రింక్లర్లు బయల్దేరాయి. రబ్బరు గొట్టం చివర ఒక స్టాండు, దాని మీద కొసలు వంచిన రెండు మూడు సన్న గొట్టాలు. కొసల నుంచి నీళ్లు ఒకవైపు చిమ్ముతుంటే గొట్టాలు ఎదురువైపు గిర్రున తిరుగుతాయి. చర్యకు ప్రతిచర్య ఉంటుందన్న న్యూటన్ సూత్రం ఇంటి ముందు రోజూ కనిపించే చోటు ఇది. మరి ఇదే యంత్రాన్ని నీళ్లలో ముంచి, నీళ్లు చిమ్మించకుండా లోపలికి పీల్పిస్తే ఎటు తిరుగుతుంది? ఎర్నెస్ట్ మాక్ 1883లో అచ్చయిన తన యాంత్రికశాస్త్ర గ్రంథంలో ఈ ప్రశ్నను చర్చించాడు. ప్రిన్స్‌టన్‌లో విద్యార్థిగా ఉన్న రిచర్డ్ ఫైన్‌మన్ ఈ ప్రయోగం చేయబోతే, ఒత్తిడికి తట్టుకోలేక పెద్ద గాజు సీసా పగిలి ప్రయోగశాలంతా తడిసిపోయింది. జవాబు 2024లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది: పీల్చే స్ప్రింక్లర్ ఎదురు దిక్కుకే తిరుగుతుంది, కానీ చిమ్మే దానికన్నా దాదాపు 50 రెట్లు నెమ్మదిగా.

గిర్రున తిరగడమే ఆ పాత స్ప్రింక్లర్ల బలహీనత కూడా. వేగంగా తిరిగే నాజిల్ నుంచి వచ్చే ధార గాలిలో వెంటనే చెదిరిపోతుంది, దూరం పోదు. ధార దూరం పోవాలంటే నాజిల్ నిదానంగా తిరగాలి. ఈ చిక్కు విప్పినవాడు కాలిఫోర్నియాలోని గ్లెండోరాలో నారింజ, నిమ్మ జాతి తోటలు పెంచే ఓర్టన్ ఎంగల్‌హార్ట్. ఆయన 1933లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1935లో అది చేతికొచ్చింది. ఆ స్ప్రింక్లర్‌లో ధారకు అడ్డంగా ఒక చిన్న చెంచా లాంటి రేకు, దాని వెనక ఒక బరువైన చెయ్యి, చేతికి స్ప్రింగు ఉంటాయి. ధార తగలగానే రేకు పక్కకు ఎగురుతుంది, దానితో చెయ్యి విసురుగా తిరుగుతుంది. స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. తిరిగొచ్చిన చెయ్యి స్ప్రింక్లర్ ఒంటికి టక్కున కొట్టుకుంటుంది. ఆ దెబ్బకు నాజిల్ కాస్త జరుగుతుంది. మళ్లీ ధార, మళ్లీ దెబ్బ. దెబ్బకూ దెబ్బకూ మధ్య నాజిల్ దాదాపు నిలకడగా ఉంటుంది కాబట్టి ధార చెదరకుండా దూరం పోతుంది. మోటారు లేదు, కరెంటు లేదు, పని అంతా నీళ్లదే. ఎంగల్‌హార్ట్ ఇరుగుపొరుగైన క్లెమ్, మేరీ లాఫెట్రా దంపతులు ఈ స్ప్రింక్లర్లను తమ కొట్టంలోనే తయారు చేయించి అమ్మడం మొదలుపెట్టారు. అదే తరువాత రెయిన్ బర్డ్ కంపెనీ అయింది. 1990లో అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం ఈ ఆవిష్కరణను చారిత్రక చిహ్నంగా గుర్తించింది.

తోటకు కుదిరింది లాన్‌కు కుదరలేదు. నేల మీద నిలబడ్డ స్ప్రింక్లర్ గడ్డి కోసే యంత్రానికి అడ్డం, ఆడుకునే పిల్లల కాళ్లకూ అడ్డమే. లాన్‌ను పుట్టించిన యంత్రమే స్ప్రింక్లర్‌ను భూమిలోకి తోసింది. పని ఉన్నప్పుడు లేచి, పని కాగానే దాక్కునే తల కావాల్సి వచ్చింది. పాప్-అప్‌కు మూలం ఆ అవసరమే. ఎడ్విన్ హంటర్ 1950లలో కాలిఫోర్నియాలో మాయిస్ట్ ఓ మాటిక్ అనే సంస్థ పెట్టి ఆటోమేటిక్ తడుపు పరికరాల మీద పనిచేశాడు. ఆ సంస్థను 1962లో టోరో కంపెనీ కొనుక్కుంది. హంటర్ కుటుంబం 1981లో హంటర్ ఇండస్ట్రీస్ పేరుతో మళ్లీ మొదలుపెట్టి, పళ్లచక్రాలతో తిరిగే పీజీపీ అనే పాప్-అప్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. ఇత్తడి స్థానంలో ప్లాస్టిక్ రావడంతో ధర దిగి, ఈ తలలు సాధారణ ఇళ్లలోకీ వచ్చాయి.

ఈనాటి పాప్-అప్‌ను విప్పి చూస్తే అంతా సాదాగానే కనిపిస్తుంది. బయట ఒక ప్లాస్టిక్ గొట్టం, పైన మర ఉన్న మూత. లోపల పైకీ కిందికీ జరిగే సన్న కాండం, దాన్ని కిందికి లాగి పట్టే స్ప్రింగు. మూత దగ్గర కాండాన్ని ఒరుసుకుంటూ ఒక రబ్బరు వలయం. కాండం కొసన నాజిల్, దాని అడుగున చెత్తను ఆపే జల్లెడ. వాల్వు తెరుచుకోగానే నీటి ఒత్తిడి స్ప్రింగును గెలిచి కాండాన్ని పైకి లేపుతుంది. ఒత్తిడి పోగానే స్ప్రింగు గెలుస్తుంది. దిగేటప్పుడు రబ్బరు వలయం కాండానికి అంటిన మట్టిని తుడిచేస్తుంది. తిరిగే రకంలో, అంటే రోటర్‌లో, వీటికి తోడు చిన్న టర్బైన్ ఉంటుంది. నీళ్లు దాన్ని మహా వేగంగా తిప్పుతాయి. వరస పళ్లచక్రాలు ఆ వేగాన్ని అణచి అణచి, ధార నింపాదిగా తిరిగేలా చేస్తాయి. ఎంగల్‌హార్ట్ దెబ్బతో సాధించిన నిదానాన్ని ఇక్కడ పళ్లచక్రాలు చప్పుడు లేకుండా సాధిస్తాయి.

ఇంత సాదా వస్తువు కాబట్టే చెడితే ఇంట్లోవాళ్లే మార్చుకోవచ్చు. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ పని తప్పక తగులుతుంది. ముందు జబ్బు గుర్తుపట్టాలి. ఒక చోట నీళ్లు స్తంభంలా ఎగజిమ్ముతుంటే నాజిల్ ఊడిపోయినట్టు, లేదా తల విరిగినట్టు. కాండం లేచి దిగకపోతే రబ్బరు వలయంలో ఇసుక చిక్కుకున్నట్టు. ఒక వరసలో తలలన్నీ సగమే లేస్తుంటే ఎక్కడో పైపు పగిలి ఒత్తిడి పోతున్నట్టు. ఆపేశాక పల్లంలోని తల నుంచి కాసేపు కారి ఆగిపోతే అది పైపులో మిగిలిన నీరు. ఎడతెరిపి లేకుండా కారుతుంటే మాత్రం వాల్వు చెడినట్టు.

పాత తల ఏ కంపెనీదో, ఏ మోడలో తెలిస్తే తవ్వే పనే లేకపోవచ్చు. మూత విప్పి లోపలి భాగాన్ని మొత్తం పైకి లాగి, కొత్తదాని లోపలి భాగాన్ని అదే గొట్టంలో దించి మూత బిగిస్తే సరి. బయటి గొట్టమే పగిలితే తవ్వక తప్పదు. నీళ్ల వేళలు నడిపే కంట్రోలర్‌ను ఆపి, తల చుట్టూ జానెడు దూరంలో గడ్డిని గుండ్రంగా కోసి, వేళ్లతో సహా గడ్డగా లేపి పక్కన గోనెసంచి మీద పెట్టాలి. తరువాత చేత్తో మట్టి తీయాలి, ఎందుకంటే పార దెబ్బ తగిలితే పైపు పోతుంది. గుంట కాస్త వెడల్పుగా ఉంటేనే పాతది విప్పేటప్పుడు మట్టి పైపులోకి జారదు. ఒక్క బెడ్డ పడినా అది పోయి ఏదో ఒక జల్లెడలోనో నాజిల్‌లోనో కూర్చుంటుంది. తిరగకుండా చిమ్మే చిన్న స్ప్రే తలలకు అడుగున అర అంగుళం మర, ఇంటి రోటర్లకు ఎక్కువగా ముప్పావు అంగుళం మర ఉంటాయి. పాతది వెంట తీసుకుపోయి అదే కొలత, అదే ఎత్తు ఉన్నది తెచ్చుకోవడం మేలు. కొత్తదాన్ని చేత్తో బిగిస్తే చాలు. పానతో బలంగా తిప్పితే ప్లాస్టిక్ మర చిట్లుతుంది. నాజిల్ పెట్టకముందే కొద్దిసేపు నీళ్లు వదిలి పైపును కడగాలి. మట్టి పూడ్చి తొక్కాక మూత నేలతో సమానంగా ఉండాలి. ఎత్తుగా ఉంటే కోత యంత్రం బ్లేడు తగులుతుంది, లోతుగా ఉంటే గడ్డి మూసేసి ధారను మళ్లిస్తుంది.

బిగించడం సగం పనే, సర్దడం మిగతా సగం. స్ప్రే తలలో కాండాన్ని పైకి లాగి పట్టుకుని తిప్పితే ధార దిక్కు మారుతుంది. నాజిల్ నెత్తిన ఉన్న చిన్న స్క్రూతో దూరం తగ్గించవచ్చు. నాలుగో వంతుకు మించి తగ్గించాల్సి వస్తే స్క్రూతో తంటాలు పడకుండా నాజిల్‌నే మార్చాలి. రోటర్‌లో అయితే తలను చేత్తో రెండు వైపులా ఆగేదాకా తిప్పి, కదలని అంచు ఎటువైపుందో ముందు తెలుసుకోవాలి. అది కొన్ని కంపెనీల్లో ఎడమన, కొన్నింటిలో కుడిన ఉంటుంది. ఆ అంచును కాలిబాట వెంబడి నిలిపి, రెండో అంచును తాళంచెవి లాంటి పరికరంతో కావలసిన కోణానికి జరపాలి.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. స్ప్రే నాజిళ్లలో 15 అడుగుల దూరం చిమ్మే రకం ఒకటి పూర్తి వలయానికి నిమిషానికి సుమారు 14 లీటర్లు, అర వలయానికి 7, పావు వలయానికి మూడున్నర లీటర్లు ఇస్తుంది. విస్తీర్ణం ఎంత తగ్గితే నీళ్లూ అంతే తగ్గుతాయి కాబట్టి లాన్ అంతటా తడి సమానంగా ఉంటుంది. రోటర్ అలా కాదు. కోణం తగ్గించినా అదే నాజిల్ అన్నే నీళ్లు ఇస్తుంది. మూలలో పావు వలయం తిరిగే రోటర్‌కూ, మధ్యలో అర వలయం తిరిగే రోటర్‌కూ ఒకే నాజిల్ పెడితే మూల రెట్టింపు తడుస్తుంది. మూలకు సగం నీళ్లిచ్చే నాజిల్ పెట్టాలి. ప్రతి తల చిమ్మిన నీరు పక్క తల మొదలు దాకా చేరాలన్నది ఇంకో నియమం. ఏ ఒక్క తలా తన పరిధి అంతటా సమానంగా తడపలేదు, ఇరుగుపొరుగు కలిస్తేనే లెక్క సరిపోతుంది.

ఒత్తిడి పెంచితే అన్నీ సర్దుకుంటాయనుకోవడం పొరపాటు. స్ప్రే తలకు చదరపు అంగుళానికి 30 పౌండ్ల ఒత్తిడి చాలు. దాన్ని 60కి పెంచితే నీటి వాడకం 40 శాతానికి పైగా పెరుగుతుంది, ధార మాత్రం పొగమంచులా విచ్చిపోయి గాలికి కొట్టుకుపోతుంది. అందుకే తలలోనే ఒత్తిడిని అదుపు చేసే రకాలు వచ్చాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2017లో వాటికి వాటర్‌సెన్స్ అనే నీటి పొదుపు ప్రమాణం నిర్ణయించింది. ఇంటి బయట వాడే నీళ్లలో సగం దాకా గాలికి, ఎండకు, పారుడుకు వృథా అవుతాయని ఆ సంస్థే చెబుతోంది.

నేల స్వభావం కూడా చూసుకోవాలి. డల్లాస్ ప్రాంతపు నల్లమట్టి, మన నల్లరేగడి ఒకే తరగతి నేలలు. ఎండితే బీటలు వారతాయి, తడిస్తే ఉబ్బుతాయి, నీటిని నిదానంగా ఇంకించుకుంటాయి. స్ప్రే తలలు గంటకు 40 మిల్లీమీటర్ల వాన లెక్కన నీళ్లు పోస్తాయి. ఆ మట్టి అంత తాగలేదు, మిగిలింది రోడ్డు పాలవుతుంది. అందుకని కాసేపు పోసి, ఇంకాక మళ్లీ కాసేపు పోయాలి. ఉబ్బి కుంగే ఆ మట్టిలో తలలు వాలిపోతుంటాయి కూడా, వాటిని నిటారుగా నిలబెడుతుండాలి.

ఎంగల్‌హార్ట్ టకటకల యంత్రం ఇప్పుడు మన పొలాల్లోనూ ఉంది. 2003 నవంబరులో మొదలైన ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం డ్రిప్పుతో పాటు స్ప్రింక్లర్లనూ రాయితీ మీద రైతులకు అందించింది. 2016లో అనంతపురం జిల్లాలో ఎండుతున్న వేరుశనగను కాపాడేందుకు రెయిన్ గన్‌లు అనే పెద్ద స్ప్రింక్లర్లను దింపారు. పొలంలో రైతు పైపులు మోస్తాడు, మార్చి మార్చి బిగిస్తాడు. నాజిల్ మూసుకుపోతే అక్కడికక్కడే కనిపెడతాడు. ఇంటి లాన్‌కు ఆ కాపలా లేదు. తలలు భూమిలో దాక్కున్నాయి, కంట్రోలర్ వాటిని తెల్లవారుజామున లేపి పడుకోబెడుతుంది. విరిగిన తల నెలల తరబడి నీళ్లు పారబోసినా చూసేవాళ్లు ఉండరు. కంటికి కనపడకుండా పనిచేసే ఈ గుణం వల్లే యంత్రం లోపాలూ కంటపడడం లేదు.

కాబట్టి ఇంట్లో ఈ తలలు ఉన్నవాళ్లు నెలకొకసారి పగటిపూట ఒక్కో వరసను రెండేసి నిమిషాలు నడిపి, పక్కనే నిలబడి చూడండి. సీజను మొదట్లో ఒకే కొలత ఉన్న ఖాళీ డబ్బాలు కొన్ని లాన్‌లో అక్కడక్కడా పెట్టి, పావుగంట నడిపాక నీటి మట్టాలు పోల్చి చూడండి. వాలిన తలను నిలబెట్టడానికి, జల్లెడ కడగడానికి, నాజిల్ మార్చడానికి ఒక స్క్రూడ్రైవరూ కొంచెం ఓపికా చాలు. వాటితో మిగిలేది తాగడానికి పనికొచ్చే నీరు.