కుక్కకు మూత్రం ఆగిపోతే ఆలస్యం చేయొద్దు

ఖరగ్‌పూర్: పెంపుడు కుక్క పదేపదే ముక్కుతున్నా చుక్క మూత్రం పడకపోతే, అది మలబద్ధకమని పొరబడి మర్నాటి దాకా వేచి చూడటం ప్రాణాంతకం కావచ్చు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో, మారే షిఫ్టుల మధ్య కుక్క చివరిసారి ఎప్పుడు మూత్రం పోసిందో ఇంట్లో ఒకరికి తెలిసి మరొకరికి తెలియకపోవచ్చు. పశువైద్యుడు తొలుత అడిగే ప్రశ్నల్లో అదొకటి.

ఎందుకు ఆగుతుంది?

మూత్రంలోని లవణాలు గట్టిపడి మూత్రాశయంలో రాళ్లుగా మారతాయి. మగ కుక్కల మూత్రనాళం పొడవైనది, సన్ననిది. పురుషాంగంలోని ఎముక వద్ద అది మరింత ఇరుకు. రాయి అక్కడ చిక్కుకుంటే మూత్రపిండాల పని కుంటుపడుతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. నాళం పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. వాంతులు, నీరసం, ఉబ్బిన పొట్ట ప్రమాద సంకేతాలు.

ఇతర లక్షణాలు

* మాటిమాటికీ కొద్దికొద్దిగా పోయడం, రక్తపు చాయ, దుర్వాసన: ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆడ కుక్కల్లో ఎక్కువ. ఒక రోజులోగా చూపించాలి.
* నిద్రలో మూత్రం కారడం: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడ కుక్కల్లో కనిపించే కండర బలహీనత. ఇది మొండితనం కాదు. కొట్టకూడదు, నీళ్లు తగ్గించకూడదు.
* రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లకు మించి నీళ్లు తాగడం: మధుమేహం లేదా మూత్రపిండాల వ్యాధి కావచ్చు. ఆపరేషన్ చేయించని ఆడ కుక్క ఎదకు వచ్చిన కొన్ని వారాలకు ఇలా ఉంటే గర్భాశయంలో చీము పట్టి ఉండవచ్చు. అది అత్యవసరం.

చేయకూడనివి

మనుషుల నొప్పి మాత్రలు ఇవ్వరాదు; ఐబుప్రొఫేన్ కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మిగిలిన యాంటీబయోటిక్స్ వాడరాదు. పొట్ట నొక్కరాదు. ఎలుకల మూత్రంతో వ్యాపించే లెప్టోస్పైరోసిస్ కుక్క నుంచి మనుషులకూ సోకుతుంది కాబట్టి, వానాకాలంలో మూత్రాన్ని చేతి తొడుగులతోనే శుభ్రం చేయాలి.

ఆసుపత్రికి వెళ్లే ముందు

వీలైతే తాజా మూత్రాన్ని శుభ్రమైన సీసాలో పట్టుకెళ్లాలి. నమూనా కోసం ఆగనక్కర్లేదు. మూత్రం పూర్తిగా ఆగినప్పుడు సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాకు బయలుదేరే ముందు, దగ్గర్లోని పశువైద్యునితో గొట్టం వేయించి అడ్డు తొలగించుకోవడం ముఖ్యం. పరీక్షలు తర్వాత చేయించుకోవచ్చు.