దారి తెలిసినను చేరని సమాచారము

ఒక బ్యాంకునకు నగరములో ప్రధాన కార్యాలయమును, దూరప్రాంతములలో అనేక శాఖలును ఉన్నవనుకొందము. వీనినన్నిటిని కలుపుటకు బ్యాంకు తానే తీగలు వేసికొనుట సాధ్యము కాదు. కావున ఒక టెలికాం సంస్థ తన నెట్‌వర్కుపైననే ఆ బ్యాంకునకు ప్రత్యేకమైన దారిని ఏర్పరచి యిచ్చును. అదే నెట్‌వర్కు మీదుగా ఆసుపత్రుల సమాచారము, కర్మాగారముల సమాచారము కూడ పోవుచుండును. కాని ఒకరిది మరొకరికి చేరరాదు. దీనినే వర్చ్యువల్ ప్రైవేట్ నెట్‌వర్కు, అనగా వి.పి.ఎన్. అందురు. నేడు విరివిగా వాడుకలోనున్న ఒక పద్ధతిని 1999లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 2547 అను పత్రము వివరించినది. దాని స్థానమున 2006లో ఆర్.ఎఫ్.సి. 4364 వచ్చినది.

ఒకనాడు శాఖకు ప్రధాన కార్యాలయముతో సంబంధము తెగినచో దోషమును వెదకుట ఎట్లు? ఇందు రెండు ప్రయాణములున్నవని మొదట గ్రహింపవలెను. ప్రధాన కార్యాలయపు చిరునామాను తెలుపు వార్త అక్కడినుండి శాఖవైపు వచ్చును. ఆ వార్త నాధారము చేసికొని సమాచారము శాఖనుండి ఎదురు దిశలో పోవును. ఈ రెంటిని వేరువేరుగా పరీక్షింపవలెను.

మొదటిది వార్త. టెలికాం సంస్థ అంచున నుండు రూటరు ప్రతి ఖాతాదారునకు వేరొక మార్గపట్టికను ఉంచును. ఇద్దరు ఖాతాదారులు 10తో మొదలగు ఒకే చిరునామాను వాడుకొనవచ్చును. అవి కలిసిపోకుండుటకై 32 బిట్ల చిరునామాకు ముందు 64 బిట్ల గుర్తును చేర్చుదురు. వార్త ఏ పట్టికలో చేరవలెనో నిర్ణయించునది మరియొక గుర్తు. దీనిని రూట్ టార్గెట్ అందురు. బి.జి.పి. అను ఏర్పాటు ఈ వార్తను ఒక అంచునుండి మరొక అంచునకు కొనిపోవును. శాఖవైపు పట్టికలో ప్రధాన కార్యాలయపు చిరునామా లేనిచో, వార్త బయలుదేరినదా, నడుమ ఆగినదా, వచ్చియు రూట్ టార్గెట్ సరిపడక త్రోసివేయబడినదా అని వరుసగా చూడవలెను. ఈ గుర్తును పొరపాటున వేరొక ఖాతాదారునిదిగా వ్రాసినచో ఇద్దరి నెట్‌వర్కులు కలియవచ్చును. తెగిన సంబంధము వెంటనే తెలియును. కలిసిన సంబంధము చాలకాలము తెలియకపోవచ్చును. అందువలన ఇదే ఎక్కువ ప్రమాదకరము.

రెండవది సమాచారము. దీని ప్రయాణము తపాలా సంచిని పోలియుండును. ప్రతి ప్యాకెట్టునకు రెండు చీటీలు తగిలింతురు. వెలుపలి చీటీ ఆవలి అంచు రూటరునకు దారి చూపును. లోపలి చీటీ ఖాతాదారుని తెలుపును. నడుమనున్న రూటర్లకు బ్యాంకు చిరునామాలు తెలియవు. అవి వెలుపలి చీటీని మాత్రమే చూచి, దాని సంఖ్యను మార్చి ముందునకు పంపును. ఇందుకై ప్రతి రూటరు తన పొరుగు రూటరునకు చీటీ సంఖ్యను ముందే తెలిపియుండవలెను. ఒక్కచోట ఈ ఏర్పాటు లోపించినను వెలుపలి చీటీ అక్కడ ఊడిపోవును, ప్యాకెట్టు నశించును. విచిత్రమేమనగా, అప్పుడును అంచు రూటర్ల మధ్య చేయు మామూలు పింగ్ పరీక్ష నెగ్గును. ఏలయన వాని సొంత చిరునామాలు నడుమ రూటర్లకు తెలియును. కావున చీటీల దారినే పరీక్షించు ప్రత్యేక పింగ్ అవసరము. దీనిని 2006లో ప్రమాణీకరించిరి.

మరియొక చిక్కు కలదు. చిన్న ప్యాకెట్లు చేరును, పెద్దవి చేరవు. ఒక్కొక్క చీటీ 4 బైట్లు. 1500 బైట్ల ప్యాకెట్టు రెండు చీటీలతో 1508 బైట్లగును. నడుమ నొక లంకె 1500 బైట్లకు మించి మోయలేనిచో అట్టి ప్యాకెట్టు అక్కడనే ఆగిపోవచ్చును. పరీక్ష నెగ్గినను బ్యాంకు లెక్కల పుట తెరపైకి రాకపోవుటకు ఇదియొక కారణము.

పోయిన దారి సరిగానున్నంత మాత్రమున వచ్చు దారియు సరియని తలచరాదు. ప్రత్యుత్తరమునకు వార్త వేరు, చీటీలు వేరు. పట్టికలో దారి కనబడుట ఒకటి, ఆ దారిని ప్యాకెట్టు నడచుట మరొకటి. రెంటిని రెండు దిశలలోను సరిచూచినప్పుడే పరీక్ష పూర్తియగును.