మార్చాల్సింది కెమెరానా, లెన్సా?

దసరాకు ముందు సింగరేణి బొగ్గు గనుల లాభాల వాటా, దీపావళికి ముందు బోనస్. మంచిర్యాల నుంచి గోదావరిఖని దాకా బజార్లన్నీ ఏడాది పొడవునా ఎదురుచూసేది ఈ రోజుల కోసమే. విస్తరణ పనులకు పక్కన పెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు 2024లో కార్మికులకు అందాయి. ఒక్కొక్కరికి సగటున 1.90 లక్షలు. అందులో బంగారానికి, బండికి, పిల్లల ఫీజులకు పోను, ఫొటోల పిచ్చి ఉన్న ఇంట్లో ఇంకో లెక్క కూడా నడుస్తుంది: పాత కెమెరా తీసేసి పెద్దది కొంటే ఎలా ఉంటుంది?

ఆ పాత కెమెరా చాలా ఇళ్లలో కానన్ 1500డి లేదా నికాన్ డి3500 లాంటిదే. రెండూ 2018లో వచ్చినవే, రెండూ 24 మెగాపిక్సెల్‌వే. దుకాణంలో అడుగుపెట్టగానే మొదలయ్యేది మాత్రం 33, 45 అంటూ మెగాపిక్సెల్ పాటే. దానికి చెవి ఒగ్గేముందు చిన్న గుణకారం చేసుకుంటే మంచిది. గోడకు తగిలించే 12×8 అంగుళాల ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున నాణ్యంగా ప్రింటు వేయడానికి 3600×2400 చుక్కలు కావాలి, అంటే తొమ్మిది మెగాపిక్సెల్ కూడా అక్కర్లేదు. 1975లో కొడాక్ ఇంజినీర్ స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరాలో ఉన్నవి పదివేల చుక్కలే. ఒక్క బొమ్మ క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అక్కడి నుంచి చూస్తే 1500డి మహారాజే.

మరి ఫొటోలు ఎందుకు చెడుతున్నాయి? పోయిన ఏడాది తీసినవన్నీ ముందేసుకుని, చెడినవి చూస్తే జవాబు అక్కడే ఉంటుంది. బతుకమ్మ రాత్రినే తీసుకుందాం. ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ చప్పట్లు కొడుతుంటారు, వెలుతురు వీధి దీపాలది. కెమెరాతోపాటు వచ్చిన 18-55 లెన్సును చివరిదాకా జూమ్ చేస్తే దాని ద్వారం ఎఫ్/5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. ముఖాలు సాగిపోతాయి, లేదా ఐఎస్ఓ పెంచితే బొమ్మంతా ఇసుక చల్లినట్టవుతుంది. అదే కెమెరాకు 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు తగిలిస్తే లోపలికొచ్చే వెలుతురు దాదాపు పదింతలు. సెకనులో 15వ వంతు దగ్గర సతమతమయ్యే షట్టర్ 125వ వంతుకు చేరుతుంది. చవకగా దొరికే లెన్సుల్లో ఇదీ ఒకటి. డి3500 వాళ్లు ఒక్కటి చూసుకోవాలి: ఆ బాడీలో ఫోకస్ మోటారు లేదు కాబట్టి, పేరు చివర ‘డి’ ఉన్న పాత 50 ఎంఎం దానిమీద ఆటోఫోకస్ చేయదు. ‘జి’ ఉన్న ఏఎఫ్-ఎస్ రకమే తీసుకోవాలి.

జన్నారం వైపు వెళ్లేవాళ్ల బాధ వేరు. 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్ అడవిలో చుక్కల దుప్పి కనిపించేది తెలవారుజామునే, అదీ దూరంగా, చెట్ల నీడన. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ‘పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కొంటే అన్నీ బాగొస్తాయి’ అన్న మాట నమ్మి లక్షలు పోస్తారు. చిన్న సెన్సర్ ఉన్న 1500డి మీద 250 ఎంఎం లెన్సు 400 ఎంఎం అంత దగ్గరగా చూపిస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ మీద 250 అంటే 250యే. పైగా చిన్న సెన్సర్ కోసం చేసిన లెన్సును అడాప్టర్‌తో కానన్ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌కు తగిలిస్తే, 24 మెగాపిక్సెల్‌లో తొమ్మిదిన్నర కూడా మిగలవు. కెమెరా పెద్దదైంది, దుప్పి చిన్నదైంది! అడవి ఫొటోలకు డబ్బు పెట్టాల్సింది ముందు పొడవాటి లెన్సు మీద.

అలాగని బాడీ మార్చడం ఎప్పుడూ దండగేనా అంటే కాదు. ప్రాణహిత అభయారణ్యంలో కృష్ణజింక పరుగందుకుంటే 1500డి తొమ్మిది ఫోకస్ పాయింట్లతో, సెకనుకు మూడు ఫొటోలతో దాని వెంటపడాలి. 2022లో వచ్చిన కానన్ ఆర్10 జంతువు కంటిని తనే వెతికి పట్టుకుంటుంది, మెకానికల్ షట్టర్‌తోనే సెకనుకు 15 తీస్తుంది. ఈ తేడాను ఏ లెన్సూ పూడ్చలేదు. కానన్ పాత లెన్సులు అడాప్టర్‌తో దీనిమీద చక్కగా పనిచేస్తాయి కాబట్టి అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు. కంపెనీల చూపంతా ఇప్పుడు మిర్రర్‌లెస్ మీదే. 1డి ఎక్స్ మార్క్ 3 తర్వాత అద్దం ఉండే అగ్రశ్రేణి డీఎస్‌ఎల్ఆర్ ఇక రాదని కానన్ అధిపతి 2021లోనే చెప్పేశారు.

బొగ్గు ప్రాంతానికి సొంతమైన చిక్కు దుమ్ము. అండర్‌గ్రౌండ్ బాయిలోకి మామూలు కెమెరాను దింపనివ్వరు, మీథేన్ ఉన్నచోట చిన్న నిప్పురవ్వ చాలు. పైన ఓపెన్‌కాస్ట్ చుట్టుపక్కల, లారీలు తిరిగే రోడ్ల మీద, ఆరుబయట లెన్సు మార్చడమంటే సెన్సర్‌కు మసి పూయడమే. అద్దం అడ్డు లేదు కాబట్టి మిర్రర్‌లెస్‌కు ఈ భయం ఇంకాస్త ఎక్కువ. సీలింగ్ ఉన్న బాడీకి అదనంగా పెట్టే డబ్బు ఇక్కడ వృథా కాదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇంటికి తెచ్చాక కాదు, దుకాణంలోనే పరీక్షలు చేసుకోవాలి. ఎఫ్/16 పెట్టి తెల్లగోడను ఫొటో తీస్తే సెన్సర్ మీది మరకలు నల్లచుక్కలుగా బయటపడతాయి. లెన్సు వెనక నుంచి టార్చి వేస్తే లోపల సాలెగూడులా అల్లుకున్న ఫంగస్ కనిపిస్తుంది. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగాలి. డి3500 షట్టర్‌ను కంపెనీ పరీక్షించింది లక్ష సార్లకు.

ఏదీ తేలకపోతే హైదరాబాద్‌లో లెన్సులు, బాడీలు రోజు లెక్కన అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. శుక్రవారం సాయంత్రం తెచ్చిన పొడవాటి లెన్సును పాత బాడీకే తగిలించి శనివారం జన్నారం సఫారీ ఎక్కొచ్చు, సోమవారం పొద్దున రైల్లో తిరిగిచ్చేయొచ్చు. బయల్దేరేముందు గుర్తింపు కార్డు, డిపాజిట్ డబ్బు దగ్గర పెట్టుకోవాలి.