కొట్లాట వీడియో ఆటలు – పిల్లల వయస్సు

తెర మీద ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలుచుందురు. పిల్లవాడు మీటలు నొక్కుచుండ ఒకడు తన్నును, వేరొకడు కూలును. రెండు మూడు నిమిషములలో పోటీ ముగియును. గుమ్మములో నిలిచి చూచెడి తల్లికి ఇట్టి ఆటలన్నియు ఒక్కటిగనే తోచును. కాని వానిలో తారతమ్యము మిక్కిలిగా కలదు.

1992లో అమెరికాలోని మిడ్వే సంస్థ 'మోర్టల్ కాంబాట్' అను ఆటను వెలువరించెను. ఓడినవానిని గెలిచినవాడు ఘోరముగా చంపుట అందలి ప్రత్యేకత. మరుసటి యేడు అది ఇండ్లలోని యంత్రములకు వచ్చినప్పుడు నింటెండో వారు నెత్తురునకు బదులు చెమటను చూపిరి. సేగా యంత్రముపై మాత్రము కొన్ని మీటలను ఒక వరుసలో నొక్కినచో నెత్తురు కనబడెడిది. పిల్లలకు అట్టి రహస్యము తెలియుటకు ఎన్నాళ్ళు పట్టునో తల్లిదండ్రులు ఊహింపగలరు! 1993 డిసెంబరులో ఈ విషయము అమెరికా సెనేటు విచారణకు వచ్చెను. 1994లో ఆటల పరిశ్రమ వారే ఈ.ఎస్.ఆర్.బి. అను వర్గీకరణ సంఘమును నెలకొల్పిరి. ఐరోపాలో 2003 నుండి 'పెగీ' అను పద్ధతి అమలులోనున్నది. పెట్టెపై కనబడు గుర్తులు ఇట్లు పుట్టినవే.

2023లో వెలువడిన 'మోర్టల్ కాంబాట్ 1'కు అమెరికాలో 'ఎం', అనగా 17 ఏండ్లు, ఐరోపాలో 18. అదే యేటి 'స్ట్రీట్ ఫైటర్ 6'కు అమెరికాలో 'టి', అనగా 13, ఐరోపాలో 12. 2018 నాటి 'సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్'లో నెత్తురు లేదు. ఓడినవాడు వేదిక నుండి ఎగిరి పోవును, అంతియే. దీనికి అమెరికా వారు 10 ఏండ్లు చాలుననగా ఐరోపా వారు 12 కావలెననిరి. సంఘములకే ఏకాభిప్రాయము లేనిచోట ఇంటివారి వివేకమునకు పని యున్నది.

దెబ్బలను లెక్కించుట వలన ప్రయోజనము లేదు. పోటీ ఎట్లు ముగియుచున్నదో చూడవలెను. స్ట్రీట్ ఫైటర్‌లో ఓడినవాడు పడిపోవును, మరుసటి పోటీకి మరల లేచి వచ్చును. మోర్టల్ కాంబాట్‌లో ఎదిరింప శక్తిలేని వానిని చీల్చుటయే గెలిచినవానికి బహుమానము. పదేండ్ల బాలునికి ఇది తగదని చెప్పుటకు మేము సంకోచింపము.

గుర్తు చెప్పని విషయము మరియొకటి కలదు. ఇంటర్నెట్టు ద్వారా ఆడునప్పుడు అవతలివాడు ఎవరో, ఏమి తిట్టునో ఏ సంఘమును ముందుగా చెప్పజాలదు. యంత్రములోని తల్లిదండ్రుల నియంత్రణల ద్వారా ఆ సంభాషణలను ఆపవచ్చును. కొనుగోళ్ళకు రహస్య సంఖ్యను పెట్టవచ్చును.

ఒక సాయంత్రము మేము పదమూడేండ్ల మేనల్లుని ప్రక్కన కూర్చుండి స్ట్రీట్ ఫైటర్ ఆడి, వరుసగా నాలుగు సార్లు ఓడితిమి. వాడు మమ్ము పరిహసింపక, దెబ్బను ఎట్లు కాచుకొనవలెనో నేర్పెను. పెట్టెపైని అక్షరము కంటె ఆ అరగంటయే మాకు ఎక్కువ తెలిపినది. కాని ఆ గది మూలలో వాని ఏడేండ్ల తమ్ముడు కన్నార్పక చూచుచుండెను. వాని సంగతి మాకు అప్పటిదాక తోచనే లేదు.