క్యాన్సర్ మందుకు పేగుల్లోని సూక్ష్మజీవుల తోడు
ఇష్టారాజ్యంగా యాంటీబయాటిక్స్ వాడితే చికిత్సకు చేటు

కార్వాన్: జలుబు చేసినా, ఒళ్లు వెచ్చబడినా వైద్యుని చీటీ లేకుండానే మెడికల్ షాపు నుంచి యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి మింగడం కార్వాన్, జియాగూడ బస్తీలకు కొత్త కాదు. ఇంట్లో ఇమ్యునోథెరపీ పొందుతున్న క్యాన్సర్ రోగి ఉంటే మాత్రం ఈ అలవాటు ప్రమాదకరం కావచ్చని పరిశోధనలు సూచిస్తున్నాయి.

కళ్లెం విప్పే మందు

కీమోథెరపీ క్యాన్సర్ కణాలను నేరుగా చంపుతుంది. ఇమ్యునోథెరపీ తీరు వేరు. శరీరాన్ని కాపాడే టి కణాలకు పీడీ-1 అనే కళ్లెం ఉంటుంది. క్యాన్సర్ కణం ఆ కళ్లేన్ని బిగించి వాటి దాడిని అడ్డుకుంటుంది. మందు ఆ కళ్లేన్ని విప్పుతుంది. ఈ తరహా చికిత్సకు బాట వేసిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించింది. అయితే ఈ మందు అందరికీ పనిచేయదు. అందుకు ఒక కారణం పేగుల్లో ఉందని తేలింది.

పేగులే పాఠశాల

రోగ నిరోధక కణాలు పేగుల గోడల్లోనూ పెద్ద సంఖ్యలో ఉంటాయి. అక్కడి బ్యాక్టీరియా ఆ కణాలను నిత్యం అప్రమత్తంగా ఉంచుతుంది. యాంటీబయాటిక్ రోగ క్రిములతోపాటు ఈ మేలు చేసే బ్యాక్టీరియాను కూడా తుడిచిపెడుతుంది.

ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 249 మంది రోగులపై జరిపిన పరిశీలన 2018లో వెలువడింది. చికిత్స మొదలయ్యే సమయంలో యాంటీబయాటిక్స్ వాడిన 69 మంది, వాడనివారి కంటే తక్కువ కాలం జీవించారు. మందు పనిచేసిన రోగుల మలంలోని బ్యాక్టీరియాను ఎలుకలకు ఎక్కించగా, వాటిలోనూ మందు పనిచేసింది. 2021లో అమెరికాలో మందుకు లొంగని చర్మ క్యాన్సర్ రోగులు 15 మందికి ఇదే పద్ధతిలో, మందు పనిచేసినవారి మలాన్ని శుద్ధి చేసి ఎక్కించగా ఆరుగురికి మేలు కలిగింది. ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

ఏం చేయాలి?

రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రిలోనైనా, మరెక్కడైనా ఇమ్యునోథెరపీ పొందేవారు ఇటీవల వాడిన మాత్రల వివరాలు వైద్యునికి తప్పక చెప్పాలి. సొంతంగా యాంటీబయాటిక్స్ కొనరాదు. అలాగని వైద్యుడు రాసిన యాంటీబయాటిక్‌ను మానరాదు. క్యాన్సర్ రోగికి ఇన్‌ఫెక్షన్ ప్రాణాంతకం కాగలదు. జ్వరం వస్తే మెడికల్ షాపుకు కాక ఆసుపత్రికే వెళ్లాలి.

ఆహారానికీ ఇందులో పాత్ర ఉంది. రోజుకు కనీసం 20 గ్రాముల పీచు తిన్న చర్మ క్యాన్సర్ రోగుల్లో చికిత్స మెరుగ్గా పనిచేసినట్లు 2021లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. దుకాణాల్లో దొరికే ప్రోబయాటిక్ మాత్రలతో మాత్రం అలాంటి మేలు కనిపించలేదు. జొన్న రొట్టె, పప్పులు, ఆకుకూరల్లో పీచు పుష్కలం. రోగి జీర్ణశక్తిని బట్టి ఎంత తినాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి. ఆహారం చికిత్సకు తోడే తప్ప ప్రత్యామ్నాయం కాదు.