చాప పునాది క్రింద నేల యెంత దిగును?

మన యూళ్లలో క్రొత్తగా లేచుచున్న మేడలకు ఒక్కొక్క స్తంభము క్రింద వేఱుగా గుంట త్రవ్వుటకు మాఱు, స్థలమంతటను ఇనుప ఊచలు అల్లి, కాంక్రీటును ఒకే పలకగా పోయుట విద్యార్థులు చూచియే యుందురు. మేస్త్రీలు దీనిని రాఫ్టు అందురు. చాపవలె పఱచినది గావున చాప పునాది యనుటయు తగును. నేల మెత్తనిదైనచో బరువును ఎక్కువ మేరకు పంచుట దీని ప్రయోజనము.

పలక యెంత మందముండవలయును, ఊచలు పైన నెన్ని, అడుగున నెన్ని యనునది పలక యెట్లు వంగునో తెలిసినగాని తేలదు. పలక వంగుట నేల దిగుటనుబట్టి యుండును. నేల లోపలి సంగతియో కంటికి కనబడదు. అందుచే ఇంజనీర్లు నేలకు బదులుగా వరుసగా స్ప్రింగులు నిలిపినట్లు భావించి గణింతురు. స్ప్రింగు సాగుదల బలమునకు అనులోమానుపాతమున నుండునని భౌతికశాస్త్రమున చదివితిరి గదా! ఆ భావమునే 1867లో ఎమిల్ వింక్లరను జర్మను ఇంజనీరు నేలకు అన్వయించెను. ఒత్తిడిని దిగుదలచే భాగింపగా వచ్చునది నేల దృఢత.

సూత్రము సులభమే. చిక్కంతయు ఆ యంకెను తెచ్చుటలో నున్నది. 30 సెంటీమీటర్ల చదరపు ఇనుప పలకను నేలపై నుంచి, చదరపు మీటరునకు 10 టన్నుల ఒత్తిడి కలిగించినప్పుడు అది 4 మిల్లీమీటర్లు దిగెననుకొందము. దృఢత ఘనపు మీటరునకు 2,500 టన్నులు. ఈ యంకెనే 12 మీటర్ల వెడల్పుగల పునాదికి వాడవచ్చునా? కూడదు. చిన్న పలక యొత్తిడి రెండడుగుల లోతు దాటునప్పటికి చాల తగ్గిపోవును. పెద్ద పునాది యొత్తిడి ఇరువది మీటర్లకు పైగా దిగును. అక్కడ మెత్తని పొర యున్నను చిన్న పలకకు దాని జాడయే తెలియదు.

1955లో టెర్జాగీ పండితుడు దీనికి సవరణలు చూపెను. బంకమట్టిలో దృఢత వెడల్పునకు విలోమముగా తగ్గును; అనగా మన యుదాహరణమున నలువదియవ వంతై 62½ టన్నులగును. ఇసుకలో నైనచో నాల్గవ వంతునకు కొంచె మెక్కువగా నిలుచును. ఒకే పరీక్ష, ఒకే యంకె, ఫలితములలో ఇంత భేదము! పైగా బంకమట్టి లోని నీరు మెల్లగా పిండబడి, దిగుదల యేండ్ల తరబడి సాగును. కొన్ని గంటల పరీక్షలో అది కనబడదు. కనుక ఇల్లు కట్టించు తలిదండ్రులు మట్టి పరీక్ష కాగితము చేతికి వచ్చినప్పుడు, “ఈ యంకె పరీక్ష పలకదా, మా పునాదిదా?” యని తప్పక అడుగవలయును.

మేలైన పద్ధతి వేఱొకటి కలదు. లోతుగా బోరు వేయించి, పొరల గుణమునుబట్టి మొత్తము పునాది యెంత దిగునో ముందు లెక్కించి, ఒత్తిడిని దానిచే భాగింతురు. 6 టన్నుల ఒత్తిడికి 40 మిల్లీమీటర్ల దిగుదల యైనచో దృఢత 150. మీటరున కొకటిగా స్ప్రింగులు నిలిపినచో, నడిమి స్ప్రింగు సెంటీమీటరు కుంగుటకు టన్నున్నర బరువు కావలయును. అంచున నున్న దాని పాలికి వచ్చు నేల సగమే, మూలలో నున్నదానికి పాతికయే.

ఇక్కడ నొక మోసము కలదు. వింక్లరు స్ప్రింగులు ఒకదాని నొకటి ఎఱుగవు. పలకపై బరువు సమానముగా పఱచినచో అన్నియు సమానముగా కుంగును, పలక వంగదు, ఊచలు వలదని లెక్క చెప్పును! నిజమైన నేలయో నడుమ ఎక్కువగా దిగి గిన్నెవలె నగును. ఏలన నడిమి చోటును చుట్టుప్రక్కల బరువులు కూడ క్రుంగదీయును. అందుచే అంచు స్ప్రింగుల దృఢతను పెంచుట, ఒక్కొక్కప్పుడు రెట్టింపు చేయుట వాడుక. అంతటితో విడువక, దృఢతను సగము చేసియు, రెట్టింపు చేసియు మరల గణించి, అన్నిటిలో నెక్కువైన వంపునకు ఊచలు కట్టుట వివేకము. కంప్యూటరు క్షణములో నిచ్చు అంకెలు మన మిచ్చిన దృఢతకంటె నిజమైనవి కాజాలవు.

నల్లరేగడి నేలల మాట వేఱు. అవి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వాఱును. స్ప్రింగు త్రొక్కిన త్రోయునేగాని తనంత తాను ఉబ్బదు గదా. అట్టి చోట రేగడిని తీసి వేఱు మట్టి నింపుటయో, అడుగున గంటవలె వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభములను కదలని పొర వఱకు దింపుటయో చేయుదురు.