తన్ను తానే పిలుచుకొను మెథడు

ఇన్ని మాత్రల పాదమును లఘుగురువులతో ఎన్ని విధముల నింపవచ్చునను ప్రశ్నకు ఛందశ్శాస్త్రజ్ఞులైన విరహాంకుడును, 12వ శతాబ్దమున గుజరాతునందలి హేమచంద్రుడును చెప్పిన సూత్రము మిక్కిలి సరళమైనది: చివర లఘువున్నచో ఒక మాత్రయు, గురువున్నచో రెండు మాత్రలును తగ్గగా మిగిలిన పాదముల లెక్కలు రెంటిని కూడిన సరిపోవును. దీనిని జావాలో మెథడుగా వ్రాసినచో అది తన్ను తానే రెండు మారులు పిలుచుకొనును. కోడు ముచ్చటగనే యుండును. కాని 40 మాత్రలకు 16,55,80,141 అను ఫలితమును రాబట్టుటకు ఆ మెథడు 33,11,60,281 పర్యాయములు నడచును. ఏలయన 38 మాత్రల లెక్కను 40 కొరకొకసారి, 39 కొరకు మరియొకసారి, మొదటినుండి మరల చేయుచుండును.

వచ్చిన ఫలితమును పట్టికలో దాచి మరల వాడుకొను పద్ధతికి డొనాల్డ్ మిచీ 1968లో మెమో ఫంక్షన్ అని పేరిడెను. ఆబ్జెక్టు తన ఫీల్డులోనే అట్టి పట్టికను ఉంచుకొన్నచో పిలుపులు 79కి దిగును. అయితే ఫలితము మాత్రల సంఖ్యపైననే ఆధారపడవలెను. ఆబ్జెక్టు స్థితిని బట్టి మారునదైనచో దాచిన సంఖ్య అసత్యమగును.

పట్టిక పిలుపులను తగ్గించునే గాని వాని లోతును తగ్గింపదు. మాత్రలు లక్షలకు పెరిగినచో స్టాక్ నిండి ప్రోగ్రాము ఆగిపోవును. గడచిన రెండు ఫలితములను ఆర్గ్యుమెంట్లుగా వెంట తీసికొనిపోవుచు, తన్ను పిలుచుకొనుటయే చివరి పనిగా మెథడును దిద్దినచో పాత ఫ్రేముతో ఇక పని లేదు. అట్టి పిలుపు కేవలము గెంతు వంటిదేనని 1977లో గై స్టీల్ వాదించెను.

ఇచ్చటనే ఆబ్జెక్టుల లోకమునందలి అసలు చిక్కు ఎదురగును. నార్వేలో డాల్, నైగార్డ్ నిర్మించిన సిములా 67 నాటినుండియు, తల్లి క్లాసులోని మెథడును పిల్ల క్లాసు మార్చి వ్రాసికొనవచ్చును. కావున తన్నే పిలిచితిననుకొన్న మెథడు నిజముగా పిల్ల క్లాసులోని దానిని పిలిచియుండవచ్చును. కంపైలరు తొందరపడి అట్టి చివరి పిలుపును లూపుగా మార్చినచో ఆ కొత్త మెథడునకు పిలుపే అందదు. అందుచేతనే స్కాలా భాష కంపైలరు ఫైనల్, ప్రైవేట్ వంటి, పిల్ల క్లాసు మార్చి వ్రాయజాలని మెథడులనే అట్లు మార్చును. టెయిల్‌రెక్ అను గుర్తు పెట్టినచో, మార్చలేని చోట తప్పును ముందుగనే చూపును. జావా కంపైలరు అదియు చేయదు గనుక లూపును మనమే వ్రాయవలెను. మార్చి వ్రాసికొను స్వేచ్ఛను బయటి మెథడునకే ఉంచి, మరల మరల నడచు లెక్కను లోపలి ప్రైవేట్ మెథడునకు అప్పగించుటయే, నా దృష్టిలో, రెండు భాషలకును ఉత్తమమైన ఏర్పాటు.